చుట్టుదారి ఖాలిక్ గారు

ఖాలిక్ గారికి తిన్నగా పోయే రోడ్డంటే పడదు.

ఇది నేను ఆయన మీద వేస్తున్న నింద కాదు. ఆ రోజుల్లో బెజవాడ బెంజ్ సర్కిల్‌లో ఎవర్నడిగినా ఇదే మాట చెప్పేవారు. కార్లు అద్దెకిచ్చే మనిషికి ఇలాంటి జబ్బుండటం, చేపలమ్ముకునే మనిషికి నీచువాసన పడకపోవడం లాంటిది. ఆయన స్వయంగా స్టీరింగు పట్టుకున్న కారెక్కి మీరు గుడివాడ వెళ్ళాలనుకోండి. వెళ్తారు, అనుమానం లేదు. కానీ దారిలో పాడుబడ్డ కాలవ లాకొకటి, తెల్లవాళ్ళ నాటి బంగళా ఒకటి, ఎవరూ చదవలేని శాసనం ఒకటి చూసి మరీ వెళ్తారు. ప్రతిచోటా కారాగుతుంది. ఖాలిక్ గారు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఇక్కడేం జరిగిందో తెలుసాండీ మీకు?" అంటారు. తెలీదంటే చెబుతారు. తెలుసంటే, "మీకు తెలిసింది తప్పండీ" అని చెబుతారు.

ఆయన ఆఫీసు పక్కనే నాకు ఎస్టీడీ బూత్ ఉండేది. తొంభైల్లో ఫోన్ చేయాలంటే జనం వరసలో నిలబడేవారు కాబట్టి నా బూతూ కళకళలాడేది. ఆయన ఆఫీసుకి కూతురి పేరు పెట్టుకున్నారు, గుల్షన్ ట్రావెల్స్ అని. అంబాసిడర్లు, ఓ మారుతీ వ్యాను, తర్వాత్తర్వాత ఓ సుమో. రోజుకీ, వారానికీ, నెలకీ ఇచ్చేవారు. నాట్ల రోజుల్లో విత్తనాల కంపెనీవాళ్ళు నెలకి తీసుకునేవారు, పెళ్ళిళ్ళ రోజుల్లో జనం పూటకి పోట్లాడుకునేవారు. డ్రైవర్లు ఉన్నారు. అయినా కొన్ని ట్రిప్పులకి మాత్రం ఖాలిక్ గారే డ్రైవర్ చేతిలోంచి తాళం లాక్కుని బయల్దేరేవారు. ఏ ట్రిప్పుకి అలా చేస్తారో, ఎందుకు చేస్తారో మాకెవరికీ అంతుపట్టేది కాదు.

తాను వెళ్ళని ట్రిప్పులకైనా చరిత్ర తప్పేది కాదనుకోండి. తాళం చేతిలోనే పట్టుకుని మొదలుపెట్టేవారు.

"తాళం ఇవ్వండి సార్, పామర్రులో రైతులతో మీటింగుంది" అనేవాడు విత్తనాల కంపెనీ కుర్రాడు.

"పామర్రుకి ఆ పేరెలా వచ్చిందో తెలుసా?"

"తెలుసండీ."

"నీకు తెలిసింది తప్పు బాబూ. కూర్చో."

పాపం ఆ అబ్బాయి రెండో నెలకల్లా తెలివి తెచ్చుకున్నాడు. "తెలీదండీ, అక్కడే కనుక్కునొచ్చి మీకు చెబుతా!" అని తాళం అందుకుని పరుగెత్తేవాడు. ఖాలిక్ గారు ఎంత మురిసిపోయేవారో! "చూశావా అమ్మాయ్, కుర్రాడికి ఆసక్తి పుట్టింది" అనేవారు నాతో.

నాకూ తప్పేది కాదు. కరెంటు పోయిందంటే చాలు, బూతులోకి వచ్చి కూర్చునేవారు. "అమ్మాయ్, ఈ సెంటరుకి బెంజ్ సర్కిలని పేరెందుకొచ్చిందో తెలుసా?" ఓసారి ఒకలా చెప్పేవారు. ఇంకోసారి కరెంటు పోయినప్పుడు ఇంకోలా చెప్పేవారు.

"మొన్న వేరేగా చెప్పారు కదండీ?" అన్నానోసారి.

"మొన్నటికి నాకు అంతవరకే తెలుసు" అన్నారు నిబ్బరంగా.

నిజమేదో నాకు ఇప్పటికీ తెలీదు. ఆయన భార్య ఖాసింబీ అక్క క్యారియరు పట్టుకొచ్చి బూతు ముందు నిలబడి, "ఆ పేరు సంగతి తర్వాత తేలుద్దురుగానీ, అన్నం చల్లారిపోతోంది" అని కేకేసేదాకా ఆ ఉపన్యాసం ఆగేది కాదు.

వెంకటకృష్ణారావు గారని మా వీధిలో ఓ హెడ్ క్లర్కు ఉండేవారు. ఓ రోజు పొద్దున్నే కళ్ళెర్రజేసుకుని వచ్చారు. కొండపల్లిలో వాళ్ళ తమ్ముడు ఉమ్మడి స్థలంలో గోడ లేపాడట. "వెళ్ళి ఆ గోడా ఉంచను, ఆడినీ ఉంచను!" అని రంకెలేశారు. ఖాలిక్ గారు మారుమాట్లాడకుండా తానే కారు తీశారు. ఆ మనిషి మళ్ళీ సాయంత్రానికి కుంటుకుంటూ దిగారు. చేతిలో ఎడ్లబండి బొమ్మ.

"ఏమైందండీ కాలికి?" అన్నాను గాబరాగా.

"కోట ఎక్కించాడమ్మా, దుర్మార్గుడు! రాజమహలు చూపిస్తానని ఆ ఎండలో పైదాకా ఎక్కించాడు. దిగేసరికి ప్రాణం కళ్ళలోకొచ్చింది. తమ్ముడి పెళ్ళాం మజ్జిగిచ్చి, వేణ్ణీళ్ళతో కాపడం పెడితేగానీ నిలబడలేకపోయాను. వాళ్ళ పిల్ల నాకీ బొమ్మ కూడా ఇచ్చింది."

"మరి గోడ?"

"ఏ గోడ?" అన్నారాయన.

నవ్వుకున్నాం, మర్చిపోయాం. ఆ వంతు మా ఇంటికి వచ్చేదాకా దాని గురించి నేను మళ్ళీ ఆలోచించలేదు.

మా నాన్న బసవయ్య బందరు కాలవ మీద లస్కరుగా చేసి రిటైరయ్యాడు. లాకు తలుపులెత్తి దించడం ఆయన ఉద్యోగం. మా అమ్మ పోయేనాటికి నేనూ, చెల్లెలు సుధామణీ ఇంకా స్కూల్లో ఉన్నాం. ఆ ఏడు వేసవిలో నాన్న పక్కింటావిణ్ణి అడిగి అడిగి ఆవకాయ పెట్టడం నేర్చుకున్నాడు. "అమ్మ లేదని నా పిల్లలు ఇంకొకళ్ళ జాడీ వంక చూడకూడదు" అనేవాడు. అప్పట్నుంచీ ఏటా ఆయనే కాయ ఎంచేవాడు, ఆయనే ముక్క కొట్టేవాడు, ఆయనే కలిపేవాడు. ఆ పూట మమ్మల్ని వంటింట్లో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. లాకు తలుపుల దగ్గర కూడా ఆయన అంత పెత్తనం చెలాయించి ఉండడు.

సుధామణిని పామర్రు అవతల, కూచిపూడి రోడ్డులో ఓ పల్లెలో ఇచ్చాం. అబ్బాయి గంగాప్రసాద్ చేపల చెరువులు చేస్తాడు. మంచివాడు, కాకపోతే నోరు కాస్త తొందర. పెళ్ళైన మొదటి వేసవి, అంటే తొంభై ఎనిమిదిలో, నాన్న వాళ్ళకి పెద్ద జాడీ నిండా ఆవకాయ పంపాడు. తర్వాత కొన్నాళ్ళకి బూతుకి ఫోనొచ్చింది. అవతల సుధామణి వెక్కుతోంది.

"మా అత్తగారు నాన్న పంపిన ఆవకాయని ఊళ్ళో పంచేసిందే అక్కా! ఇదేంటని నేనడిగితే ఈయనకి కోపమొచ్చి, 'అంత ఇదైతే వెళ్ళి మీ నాన్న దగ్గరే కూర్చుని తిను' అన్నాడు."

నేను ఓదార్చి పెట్టేసేదాన్నే. కానీ పక్క స్టూలు మీద పేపరు చదువుతున్న నాన్న రిసీవరుకి చెవి ఆనించి మొత్తం విననే విన్నాడు. పేపరు మడిచాడు. తువ్వాలు దులిపాడు.

"పెద్దమనుషుల్ని కూచోబెడతా. పిల్లని తీసుకొచ్చేస్తా. మళ్ళీ ఆ గడప తొక్కితే నా పేరు బసవయ్య కాదు."

"ఆవకాయ గురించా నాన్నా?"

"ఆవకాయ అంటావేంటే! అది మీ అమ్మ చోట నేను పెట్టిన ఆవకాయ" అన్నాడు.

ఇంటికెళ్ళి, మా వాటాగా దాచిన, ఇంకా విప్పని రెండో జాడీ చంకన పెట్టుకొచ్చాడు. పంచాయితీలో సాక్ష్యమట. నేరుగా గుల్షన్ ట్రావెల్స్‌లోకి నడిచి, "కారు కావాలి. వెళ్ళేటప్పుడు ఇద్దరం, వచ్చేటప్పుడు ముగ్గురం" అన్నాడు.

ఖాలిక్ గారు ఆయన ముఖం చూశారు. జాడీ చూశారు. డ్రైవర్ చేతిలోంచి తాళం తీసుకున్నారు.

"నేనే వస్తానండీ."

ఇక చుట్టుదారి తప్పదనుకున్నాను.

అనుకున్నట్టే పటమట దాటామో లేదో కారు కుడికి తిరిగింది.

"బందరు రోడ్డు తిన్నగా కదండీ?" అన్నాడు నాన్న, ఒళ్ళో జాడీని చంటిపిల్లలా పట్టుకుని.

"తిన్నగానే ఉందండీ. దాంతో అదే చిక్కు. కరకట్ట మీదుగా పోతే కృష్ణ గాలి తగుల్తుంది."

"నాకు గాలొద్దు. నా కూతురు కావాలి."

"రెండూ దొరుకుతాయండీ" అన్నారు ఖాలిక్ గారు.

కొంత దూరం పోయాక ఓ పాత తూము దగ్గర కారాగింది. "దిగండి బసవయ్య గారూ. ఈ తూమెవరు కట్టించారో తెలుసాండీ?"

"నాకు తూములు చూపించకయ్యా బాబూ! నా జీవితమంతా తూముల దగ్గరే పోయింది."

ఖాలిక్ గారు ఆ మాట విననట్టే చరిత్ర ఎత్తుకున్నారు. ఆనకట్ట దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఈ తూము తలుపులు ఎడమ పక్కకి తిరుగుతాయనీ, వరదొచ్చినప్పుడు మొత్తం మూసేస్తారనీ ఏదేదో చెప్పుకుపోతున్నారు. నాన్న పళ్ళు నూరుతూ విన్నాడు. కాసేపు ఓర్చుకున్నాడు. ఇక ఓర్చుకోలేక కారు దిగాడు.

"మీకు తెలిసింది తప్పండీ!"

ఖాలిక్ గారితో ఆ మాటన్న మొదటి మనిషి మా నాన్నే అయ్యుంటాడు. ఆయన నొచ్చుకుంటారేమోనని చూశాను. ఆయన మీసాల కింద నవ్వు దాచుకుంటున్నారు. "అలాగా? అయితే మీరు చెప్పండి" అని తూము గట్టు మీద చతికిలబడ్డారు. నాన్న చెప్పాడు. తలుపెలా ఎత్తాలో చేతులు తిప్పి చూపించాడు. తన కాలంలో బియ్యం పడవలు లాకుల దగ్గరెలా బారులు తీరేవో, ఓ పడవ సరంగు తనని బావా అని పిలిచి ఎలా మోసం చేశాడో చెప్పాడు. జాడీ కార్లోనే ఉండిపోయింది. నాన్న దాన్ని మరచిపోవడం ఆ రోజు అదే మొదటిసారి.

మళ్ళీ కారెక్కాక గుర్తొచ్చింది. "ఇంకెంత సేపండీ?" అని గుర్రుమన్నాడు.

"ఇంతేనండీ. శ్రీకాకుళం గుడి చూసుకుని, అట్నుంచి ఘంటసాల స్తూపం చుట్టూ ఓసారి తిరిగేసి..."

"స్తూపమా!"

శ్రీకాకుళమంటే ఉత్తరాంధ్రలోది కాదు, మన కృష్ణ ఒడ్డునున్న ఊరు. అక్కడ ఆంధ్రమహావిష్ణువు గుడి ముందు శాతవాహనుల గురించి వినేసరికి మాకు శోష వచ్చింది. రేవు దగ్గర రత్తమ్మ అని ఓ పెద్దావిడ తాటాకు పాకలో భోజనం పెడుతుంది. ఆవిడ మొగుడు పోతురాజు రేవులో వల వేసి తెచ్చిన చేపల్ని అప్పటికప్పుడు పులుసు పెడుతుంది. ఖాలిక్ గారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు.

ఆకుల్లో అన్నం పడ్డాక ఆయన అడిగారు. "బసవయ్య గారూ, మీ ఆవకాయ చరిత్రేంటండీ?"

అంతవరకు ఎవరూ నాన్నని ఆ ప్రశ్న అడగలేదు. ముద్ద పక్కన పెట్టి మొదలుపెట్టాడు. అమ్మ పోయిన వేసవి, పక్కింటావిడ గోడ మీంచి చెప్పిన కొలతలు, కారం ఘాటుకి కళ్ళు మండి తాను ఏడ్చింది, ఆ వంకన అసలు ఏడుపు కూడా ఏడ్చేసింది, అన్నీ చెప్పాడు. "మొదటి ఏడు ఉప్పు వేసింది మర్చిపోయి మళ్ళీ వేశానండీ. పిల్లలు కిక్కురుమనకుండా తిన్నారు."

నాకు గుర్తే. ఆ ఏడంతా కుండల కొద్దీ నీళ్ళు తాగాం.

"మరి ఈ ఏడుది ఎలా కుదిరిందండీ?" అన్నారు ఖాలిక్ గారు మెల్లగా.

"ఈ ఏడుదీ..." నాన్న ఆగాడు. "నేను రుచి చూళ్ళేదండీ. బీపీ అని డాక్టరు పచ్చడి మానిపించాడు. చేతి లెక్కన వేసేశాను. ఎప్పుడూ వేసేదే కదా!"

ఖాలిక్ గారు నాన్న పక్కనున్న జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి, ఇంత ముద్దలో కలుపుకుని నోట్లో పెట్టుకున్నారు. ముఖంలో ఏ మార్పూ లేదు. కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

"అద్భుతంగా ఉందండీ" అని ఇంకో ముద్ద కలిపారు.

"నాకూ రవ్వంత వేయి బాబూ" అని రత్తమ్మ చెయ్యి చాచింది. నాలిక్కి రాసుకుంది. "ఓలమ్మో! ఇది ఆవకాయా, ఉప్పుమడా? సముద్దరాన్ని జాడీలో పెట్టుకొచ్చావేంది నాయనా!"

నాన్న ఖాలిక్ గారి వంక చూశాడు. ఆయన తలొంచుకుని రెండో ముద్ద కూడా మింగుతున్నారు. నాన్న వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. జాడీకి మళ్ళీ వాసెన కట్టేశాడు.

"బండి వెనక్కి తిప్పండి. నేనా ఇంటికి రాను. ఏ ముఖం పెట్టుకుని రాను?"

"బాగుందండీ! ఆవకాయ కోసం వచ్చాం కాబట్టి వెనక్కెళ్ళాలి, నిజమే. కూతుర్ని చూడ్డానికి వచ్చుంటే?" అన్నారు ఖాలిక్ గారు. "ఇంత దగ్గరకొచ్చి అమ్మాయిని చూడకుండా పోతామా? ఎక్కండి."

కారు తిన్నగా పోతోంది. "ఘంటసాల స్తూపమో?" అన్నాను నేను ఆశ్చర్యంగా.

"ఇప్పుడెందుకులే అమ్మాయ్" అన్నారాయన.

వాకిట్లో కారాగగానే గంగాప్రసాద్ బయటికొచ్చాడు. మామగారినీ, చంకలో జాడీనీ చూసి అక్కడే బిగుసుకుపోయాడు. వెనకే వాళ్ళమ్మ.

"అబ్బాయ్, ఆవకాయ విషయం మాట్లాడదామని వచ్చాను" అన్నాడు నాన్న.

"మామయ్యగారూ, నేను నోరు జారాను. అదీ..."

"ఉప్పెక్కువైంది."

గంగాప్రసాద్ తెల్లబోయాడు. "అబ్బే, మరీ అంతేం కాదండీ. ఏదో కొంచెం..."

"కొంచెం కాదు నాన్నా, చాలా!" అని వంటింట్లోంచి కేక. ఇన్నాళ్ళూ మా నాన్న ఆవకాయంత ఆవకాయ లేదని ఆ ఇంట్లో యుద్ధం చేసిన సుధామణే!

వియ్యపురాలు నోటికి కొంగడ్డం పెట్టుకుంది. "అన్నయ్యగారూ, ఉప్పు విరగడానికి కొత్తకాయ ముక్కలేశాను. ఆవపిండి వేశాను. మళ్ళీ ముక్కలేశాను. చూస్తే జాడీ కాస్తా గంగాళమైంది. ఇల్లంతా ఆవకాయే. ఏం చెయ్యను, మా అన్నయ్యగారు స్వయంగా పెట్టిందని చెప్పి వీధివీధంతా పంచాను. అందరూ బాగుందన్నారు కూడాను!"

ముందు నవ్వింది మా నాన్నే. నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడ్డాడు. రెండో జాడీని ఆవిడకి అప్పగించి, "దీనిక్కూడా అదే వైద్యం చెయ్యమ్మా" అన్నాడు. వచ్చేటప్పుడూ ఇద్దరమే వచ్చాం, బందరు రోడ్డు మీదుగా, ఎక్కడా ఆగకుండా.

మర్నాడు ఖాసింబీ అక్కతో మొరపెట్టుకున్నాను. "మీ ఆయన మమ్మల్ని కృష్ణా జిల్లా అంతా తిప్పాడక్కా!"

ఆవిడ విచిత్రంగా చూసింది. "నీకింకా తెలీదా తల్లీ? కోపంగా వచ్చినవాళ్ళ బండే ఆయన నడిపేది. నా నిఖా అయ్యాక బందర్నుంచి బెజవాడ తీసుకొస్తున్నాడు. నేను అమ్మని విడిచొచ్చానని ఏడుపు. ఈయన జీపు తీసుకెళ్ళి డచ్చివాళ్ళ సమాధుల దగ్గర ఆపాడు. కొత్త పెళ్ళికూతుర్ని, సమాధుల దగ్గర! ఆ రాళ్ళ మీద ఏం రాసుందో చెప్పుకుపోతుంటే, ఇలాంటి పిచ్చివాడికా నన్నిచ్చారని ఎంత కోపమొచ్చిందో! ఇంటికొచ్చాక చూసుకుంటే ఏడవడమే మర్చిపోయాను. దూరం తగ్గితే కోపం దిగదంటాడు. దారి పొడుగైతే మనిషి అలిసిపోతాడు, ఆకలేస్తుంది, అప్పుడు మాట వింటాడంటాడు."

వెళ్ళి ఆయన్నే నిలదీశాను. "నిన్న ఆ తూము గురించి కావాలనే తప్పు చెప్పారు కదూ?"

"ఛ ఛ! అదేం లేదమ్మాయ్" అన్నారు, కారు అద్దం తుడుస్తూ. అద్దం అప్పటికే శుభ్రంగా ఉంది.

మరుసటి ఏడు శ్రావణంలో, మధ్యాహ్నం, కుండపోతగా వాన. గంగాప్రసాద్ ఫోను. సుధామణికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. పామర్రు డాక్టరమ్మ వెంటనే బెజవాడ తీసుకెళ్ళమంది. ఆ వానలో బండి దొరకట్లేదు. నేను రిసీవరు పెట్టేలోపే ఖాలిక్ గారు సుమో స్టార్టు చేశారు. నాన్నా నేనూ ఎక్కాం. బందరు రోడ్డు మీద తిన్నగా వెళ్ళాం. చెల్లెల్నీ మరిదినీ ఎక్కించుకుని అంతే తిన్నగా తిరిగాం.

కార్లో వైపర్ల చప్పుడు తప్ప మాట లేదు. ఖాలిక్ గారు ముందుకు వంగి, రోడ్డు తప్ప ఇంకేమీ లేనట్టు చూస్తున్నారు. నాన్న తట్టుకోలేకపోయాడు.

"ఖాలిక్ గారూ, ఏదన్నా చెప్పండి."

"ఏం చెప్పనండీ?"

"ఏదైనా. అదుగో, ఉయ్యూరు వస్తోంది. ఉయ్యూరు గురించి చెప్పండి."

"ఉయ్యూరు..." ఖాలిక్ గారు నోరు తడుపుకున్నారు. "ఉయ్యూరు అంటే... ఏమీ గుర్తు రావట్లేదండీ బసవయ్య గారూ."

ఎదురుగా ఏ బండీ లేకపోయినా ఆయన హారను కొట్టారు. నాన్న అది చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"సరే, నేను చెబుతా వినండి. నేను లాకుల మీద కొత్తగా చేరిన రోజుల్లో, ఇలాంటి వానలోనే, పడవలో ఓ ఇల్లాలికి నొప్పులొచ్చాయి. నాకు పెళ్ళి కూడా కాలేదు. ఏం చెయ్యాలో తెలీక లాకు తలుపులన్నీ ఎత్తేశాను..."

"తలుపులెందుకు నాన్నా!" వెనక సీట్లోంచి సుధామణి, నొప్పుల్లోనే.

"కంగారులో మనిషి తనకొచ్చిన పనే చేస్తాడమ్మా. పడవ ఒక్క ఉదుటున కిందికి పోయింది. ఆ కుదుపుకి కాన్పైపోయింది. మగపిల్లాడు. మా ఓవర్సీరు నన్ను తిట్టాలో మెచ్చుకోవాలో తెలీక, ఓ బీడీ ఇచ్చి వెళ్ళాడు."

సుధామణి నవ్వుతూ మూలిగింది, మూలుగుతూ నవ్వింది. ఖాలిక్ గారు సీట్లో వెనక్కి ఆనుకున్నారు. కంకిపాడు దాటేదాకా నాన్న నోరు మూయలేదు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. గంగాప్రసాద్ మందుల కోసం వానలోకి పరుగెత్తాడు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నర్సు తెల్లటి గుడ్డలో చుట్టిన పాపని పట్టుకుని వచ్చింది.

"తల్లీ బిడ్డా క్షేమం. తాతగారెవరండీ?"

ఇద్దరూ లేచి నిలబడ్డారు.

నర్సు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, దగ్గరగా ఉన్నాయన చేతుల్లో పాపని పెట్టేసింది. ఆ దగ్గరున్నాయన ఖాలిక్ గారు. ఊపిరి కూడా పీల్చకుండా పట్టుకున్నారు. ఉయ్యూరు మీద మాట రానట్టే, పాప మీదా ఆయనకి ఒక్క మాట రాలేదు.

మా నాన్న తొందరపడలేదు. తడి చేతులు పంచెకి తుడుచుకుని, తన వంతు కోసం చాచి నిలబడ్డాడు.